బడబ దాహం

ఆ ఇంట్లో ఎటు కదిలినా కాలికో చేతికో ఒక గ్లాసు తగిలేది. కిటికీ గట్టు మీద ఒకటి, మంచం కోడు పక్కన ఒకటి, మెట్ల మలుపులో ఒకటి. అన్నిట్లోనూ సగం నీళ్ళే. అక్క ఒక చోట నిలబడి గ్లాసెడు నీళ్ళు పూర్తిగా తాగి నెలలైంది. రెండు గుక్కలు మింగేసరికి ఏదో గుర్తొచ్చి కదులుతుంది, గ్లాసును అక్కడే వదిలేస్తుంది, మళ్ళీ గొంతు ఎండితే ఇంకోటి అందుకుంటుంది. గ్లాసులకు కొదవా? గాజు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ ఇంట్లో అమ్ముడుపోని వంకర గ్లాసులు చెంచాల కన్నా ఎక్కువ. చిక్కల్లా వాటిని తన్నేది తమ్ముడు. కళ్ళు పోయిన మనిషికి ఇల్లు చేతులతోనూ కాళ్ళతోనూ తెలియాలి కదా, ఆ తెలుసుకోవడంలో ఏదో ఒక గ్లాసు బోర్లా పడుతూనే ఉండేది.

"నువ్వు నీళ్ళు తాగుతున్నావా అక్కా, ఇల్లంతా నాట్లు వేస్తున్నావా?" అనేవాడు.

అక్క నవ్వేది కాదు. నేల తుడిచి, ఆ గుడ్డ పిండకుండానే మరిచిపోయి, కాలుగాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లో తిరిగేది. కింద దుకాణంలోని దర్జీ అక్క అడుగుల చప్పుడు విని, పైన నడక పోటీలేమైనా పెట్టారా అని తమ్ముణ్ణి అడిగేవాడు.

ఇద్దరూ ఒకే బట్టీ దగ్గర పనిచేశారు. అక్క మంట చూసేది. నీలం అద్దాల్లోంచి లోపలికి తొంగిచూసి, గ్యాసు ఎంత వదలాలో, గాలి ఎంత కలపాలో ఆవిడే నిర్ణయించేది. తమ్ముడు బట్టీ నోట్లోకి పగిలిన గాజుపెంకులను పారతో వేసేవాడు. ఆ పెంకులే కరిగి మళ్ళీ కొత్త గాజవుతాయి. కానీ అవి పొడిగా ఉండాలి. మరుగుతున్న గాజులో తడి పెంకులు మునిగితే ఆ తడి ఒక్కసారిగా ఆవిరై, గాజును బయటికి చిమ్ముతుంది. అందుకని పార ఎత్తేముందు కుప్పలోంచి ఒక పెద్ద పెంకు తీసి చెంపకు ఆనించుకోవడం అక్కడి పద్ధతి. కాయలు కాచిన అరచేతికి తడీ పొడీ తెలియవు, చెంపకు తెలుస్తాయి. అక్కడి పాతకాపులందరికీ ఎడమ చెంప మీద సన్నటి గీతలుండేవి, వాటిని చూసుకుని మురిసేవాళ్ళు కూడా.

ఆ రోజు వాన పడి పెంకుల షెడ్డు కారింది. తమ్ముడు పెంకును చెంపకు ఆనించుకుని "మామయ్యా, తడి" అన్నాడు. అక్కడ మేస్త్రీ వాళ్ళ మేనమామే. ఆర్డరు ఆలస్యమైపోతోంది, వెయ్యరా అన్నాడు. వేశాడు. ఆ తర్వాత తమ్ముడు వెలుతురు చూడలేదు.

విచారణకు వచ్చిన పెద్దమనుషుల ముందు మేనమామ కథ మార్చేశాడు. కుర్రాడికి తొందరెక్కువ, పెంకు చెంపకు ఆనించకుండానే పార ఎత్తాడు అన్నాడు. బట్టీ హోరులో ఆ మామాఅల్లుళ్ళ మాటలు మూడో మనిషికి వినపడలేదు. అక్క అవతలి పక్క బర్నరు దగ్గర ఉంది. మేస్త్రీ మాటే నిలబడింది. అంతటితో అయినా పోలేదు. ఇప్పుడు పనిలోకి కొత్తవాడెవడు వచ్చినా మొదటి రోజు చెప్పే పాఠం తమ్ముడి కథే. చెంపకు ఆనించకపోతే ఏమవుతుందో తెలుసా, ఫలానావాడిలా అవుతావు. అక్క ఆ పాఠం విన్న ప్రతిసారీ గుండెల్లో నిప్పు పోసినట్టుండేది. తల్లి పోయాక ఇద్దరికీ అన్నం పెట్టి పెంచినవాడే ఇంత పని చేశాడే అన్నది ఒక మంట. అందరికన్నా శ్రద్ధగా పని చేసినవాణ్ణి పని రానివాడి కింద జమకట్టారే అన్నది ఇంకో మంట. తమ్ముడు మాత్రం ఆ సంగతి ఎత్తేవాడు కాదు. చీకట్లో కూర్చుని పాత సంగతులు తవ్వుకునేవాడు, అలా తవ్వుతుంటే ఒక రోజు ఆ పేరు దొరికింది.

"అక్కా, బట్టీని బడబ అని ఎందుకంటారు?"

ఆ బట్టీని కట్టింది వాళ్ళ తాత, అంటే తల్లికీ మేనమామకూ తండ్రి. పేరు పెట్టిందీ ఆయనే. బడబకు ఆకలేస్తోంది, బడబ ఇవాళ అలిగింది అంటూ అందరూ ఇంట్లో ముసలమ్మ గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు గానీ, ఆ మాటకు అర్థమేమిటో ఎవరికీ పట్టలేదు. తాతకు పెళ్ళికి ముందు మనసైన పిల్ల పేరని కొందరు గుసగుసలాడేవాళ్ళు. మేనమామను అడిగితే, అమ్మ పుట్టిల్లు మేనమామకు తెలియదా, అది మా నాన్న ముచ్చటపడ్డ గుర్రం పేరు అని కోసేవాడు. తాతకు గుర్రం కాదు కదా, సైకిలు కూడా లేదు.

తమ్ముడికి ఆ మాట పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. ఉండబట్టలేక అక్కను లైబ్రరీకి తరిమాడు. ఆవిడ అట్ట ఊడిన ఒక పురాణకథల పుస్తకం తెచ్చి, కూర్చోలేక, గదిలో పచార్లు చేస్తూనే చదివింది. కిటికీ దగ్గర మొదలైన వాక్యం తలుపు దగ్గర పూర్తయ్యేది. బడబ అంటే ఆడగుర్రం అని ఉంది మొదట్లోనే. తమ్ముడు పడీ పడీ నవ్వాడు.

"మామయ్య గుడ్డెద్దు చేలో పడ్డట్టు నిజం చెప్పాడే! మరి నిప్పుకి గుర్రం పేరేంటి? చదువు, చదువు."

కథ పెద్దది. ధనం కోసం ఒక రాజవంశం వాళ్ళు ఒక మునుల వంశం మీద పడ్డారు. పెద్దవాళ్ళను చంపారు, పిల్లలను చంపారు, కడుపులో ఉన్నవాళ్ళను కూడా వదల్లేదు. ఒక తల్లి మాత్రం తన గర్భాన్ని తొడలో దాచుకుని పారిపోయింది. వెంటపడి పట్టుకునేసరికి ఆ తొడ చీల్చుకుని బిడ్డ పుట్టాడు. ఊరువులోంచి పుట్టాడు కనుక ఔర్వుడన్నారు. ఆ బిడ్డ తేజస్సు చూడలేక చంపవచ్చిన రాజులందరికీ కళ్ళు పోయాయి.

అక్క అక్కడ ఆగింది. పుస్తకం మూయబోతే తమ్ముడు చదవమన్నట్టు చెయ్యి ఊపాడు. రాజులు ఆ తల్లి కాళ్ళ మీద పడ్డారట, ఆవిడ బిడ్డనే అడుక్కోమందట, అడిగితే బిడ్డ దయతలచి చూపు తిరిగి ఇచ్చాడట.

"అడగ్గానే ఇచ్చేశాడా?" అన్నాడు తమ్ముడు. కాలి దగ్గరి గ్లాసును పక్కకు జరుపుతూ, "మనం ఎవర్ని అడగాలో ఎవరైనా చెబితే బాగుణ్ణు" అన్నాడు.

అతను తేలిగ్గానే అన్నాడు. అక్కకు మాత్రం ఒళ్ళంతా మండిపోయింది. నిలబడి ఆ తర్వాతి పేజీ గబగబా చదివింది. చూపు ఇచ్చినా ఔర్వుడి కోపం చల్లారలేదు. తనవాళ్ళను ఊచకోత కోస్తుంటే ఇన్ని లోకాలూ చూస్తూ ఊరుకున్నాయి, ఒక్కడూ అడ్డుపడలేదు, కనుక అన్ని లోకాలనూ కాల్చేస్తానని తపస్సుకు కూర్చున్నాడు. అక్క ఆ పేజీని రెండుసార్లు చదువుకుంది. చూస్తూ ఊరుకున్నవాళ్ళు అన్న మాట దగ్గర ఆవిడకు ఫ్యాక్టరీలో ఒక్కొక్కరి మొహమూ కనపడింది. తడి కుప్పను ఆ పొద్దున అందరూ చూశారు. ఒక్కడైనా నోరు విప్పాడా? టప్పున పుస్తకం మూసి, మిగతాది రేపు అంది.

"నిప్పుకి గుర్రం పేరెందుకొచ్చిందో ఇంకా రాలేదుగా" అని తమ్ముడు గునిశాడు.

"రేపన్నానుగా" అంది అక్క. మనిషి కోపంలో ఉన్నప్పుడు తనకు కావలసిన పేజీ దాకానే చదువుతాడు, దానికి ఆవిడొక్కతే ఏం మినహాయింపు కాదు.

మర్నాడు వారానికోసారి వచ్చే సెలవు. ఫ్యాక్టరీకి సెలవే గానీ బట్టీకి సెలవుండదు. లోపల నిండుగా ఉన్న గాజు చల్లారితే గట్టిపడి రాయవుతుంది, ఇటుకలు పగిలిపోతాయి, ఇక ఆ బట్టీ దేనికీ పనికిరాదు. బట్టీ పోతే ఫ్యాక్టరీ లేదు. అందుకే సెలవు రోజున కూడా మంట చూడటానికి ఒకరుండాలి. ఆ రోజు వంతు అక్కది. పనివాళ్ళు లేరు, మేస్త్రీ లేడు, గేటు దగ్గర కునికిపాట్లు పడే కాపలాదారు ఒక్కడే. గ్యాసు కట్టేసి సాయంత్రం దాకా ఊరికే కూర్చుంటే చాలు, మేస్త్రీగిరీ, ఆర్డర్లూ, చూస్తూ ఊరుకున్నవాళ్ళ ఉద్యోగాలూ అన్నీ కలిపి ఒక్క గాజుముద్దలో గడ్డకడతాయి. తన ఉద్యోగమూ అందులోనే పోతుంది. జైల్లో పెట్టినా పెడతారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అని ఎవరైనా చెబితే, ఇల్లు ఎవరికి కావాలి అనేదే ఆ పూట.

తొమ్మిదింటికల్లా మంట తగ్గించడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా కట్టేస్తే హోరు ఆగి చుట్టుపక్కల వీధులన్నీ ఉలిక్కిపడతాయి. కనుక వాల్వును కొంచెం తిప్పడం, అటూ ఇటూ తిరగడం, మళ్ళీ వచ్చి కొంచెం తిప్పడం. తెల్లటి వెలుగు పసుపుకు తిరిగింది, పసుపు నారింజకు దిగింది. ఆవిడకు సంతోషమేమీ కలగలేదు. నీళ్ళ సీసా తీసి రెండు గుక్కలు తాగి, పెంకుల కుప్ప దగ్గర ఎక్కడో పెట్టేసి మరిచిపోయింది. ఎండ నెత్తిమీదికి వచ్చే వేళకు వాల్వు ఆఖరి చుట్టు కూడా తిప్పేసింది. తాత నాటి నుంచీ, ఇటుకలు మార్చిన రోజుల్లో తప్ప, ఆగని హోరు ఆగిపోయింది. పైకప్పు మీద పావురాల నడక కూడా వినపడింది.

అప్పుడే ద్వారం దగ్గర కర్ర చప్పుడైంది.

"అక్కా, బడబ పలకట్లేదేం?"

తమ్ముడు. ప్రమాదం తర్వాత అతను అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. చంకలో ఆ అట్ట ఊడిన పుస్తకం ఉంది. దర్జీ గేటు దాకా తెచ్చి వదిలాడట. లోపల దారి చూపించేందుకు ఎవరూ అక్కర్లేదు, ఆ నేల అతని కాళ్ళకు కంఠతా వచ్చు.

పొద్దున లేచి తడుముకుంటే ఇంట్లో ఒక్క గ్లాసూ చేతికి తగల్లేదట. అన్నీ కడిగి, బోర్లించి, వరసగా పేర్చి ఉన్నాయట. అదీగాక అక్క వెళుతూ వెళుతూ, రెండో తాళంచెవి గూట్లో ఉందని చెప్పింది. దాంతో అక్క ఏదో తలపెట్టిందని, కథ ఆగిన చోటే దానికి మూలముందని అతనికి తోచింది. కిందికి దిగి దర్జీని కూర్చోబెట్టి మిగతా పేజీలు చదివించుకున్నాడు. దర్జీకి చదువు అంతంతమాత్రం, పేజీ తిప్పేసరికి ఒక జేబు కుట్టెయ్యొచ్చు.

"ఆర్పేశావు కదూ" అన్నాడు. మొహాన్ని బట్టీ వైపు తిప్పి, ఎంత వేడి మిగిలిందో చూసుకున్నట్టు కాసేపు అలాగే నిలబడ్డాడు. "ఇంకా టైముంది. ముందు ఇది విను. ఔర్వుడు లోకాల్ని తగలబెట్టలేదు."

"ఎందుకని?"

"పితృదేవతలొచ్చారట. అంటే ఎవరనుకున్నావు? చచ్చిపోయినవాళ్ళే. ఎవరి కోసమని వీడు ఇంత నిప్పు రాజేశాడో వాళ్ళే వచ్చి, మా కోసమైతే వద్దు నాయనా అన్నారు." కర్రను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "నేను చావలేదనుకో, అయినా అదే అంటున్నా. నా కోసమైతే వద్దు. చెంప ఆనించనివాడు అని ఒక పేరు తగిలించారు, చాలు. వీడి వల్ల బట్టీ చల్లారిపోయింది అని ఇంకోటి కూడా నా నెత్తిన పెట్టకు."

అక్కకు ఏడుపొచ్చింది. ఏడవకుండా గట్టిగా అరిచినంత పని చేసింది. "మరి ఈ కోపాన్ని ఏం చెయ్యమంటావురా? మింగమంటావా? మింగుతూనే ఉన్నాను, నన్నే తినేస్తోంది."

"ఔర్వుడూ ఇదే అడిగాడు. సరిగ్గా ఇదే మాట. అయితే దాన్ని సముద్రంలో పెట్టు అన్నారు వాళ్ళు. పెట్టాడు. అది ఆడగుర్రం తలలా మారి నీళ్ళ అడుగున మండుతోందట, ఇప్పటికీ. సముద్రం నీళ్ళు తాగుతూ ఉంటుందట. ఆరిపోదు, ఒడ్డు దాటి వచ్చి ఎవర్నీ కాల్చదు. బడబాగ్ని అంటే అదీ. తాత పేరు ఊరికే పెట్టలేదు."

"నా దగ్గర సముద్రం లేదురా" అంది అక్క.

"లేదు. నా దగ్గరా లేదు. ముందు మంట పెట్టు."

బట్టీ లోపల ఇటుకలు చిటుక్కు చిటుక్కుమంటున్నాయి. అది చల్లారుతున్న చప్పుడని ఇద్దరికీ తెలుసు. అక్క ఒక్క క్షణం వాల్వు వైపూ, తమ్ముడి మొహం మీద మెరిసే పాత కాలిన మచ్చల వైపూ చూసింది. అతను చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు, ఆ చేతికి ఏదో ఒకటి అందిస్తే గానీ కదలనన్నట్టు. కాగడా కర్ర తీసి ఒక కొస అతని చేతికిచ్చింది, రెండో కొసకు నిప్పంటించింది. ఇద్దరూ కలిసి దాన్ని బర్నరు ముందుకు తెచ్చారు. భగ్గుమంది. వేడిని ఎక్కువ తొందరపెట్టినా ఇటుకలు పగులుతాయి, అందుకని వాల్వును మళ్ళీ కొంచెం కొంచెంగా తిప్పుతూ కూర్చుంది. అయినా బట్టీ నోటి పైనున్న ఇటుక ఒకటి టపీమని నిలువునా చీలింది.

అంతలో మేనమామ పరుగెత్తుకుంటూ వచ్చాడు. నాలుగు వీధుల అవతల గడ్డం గీయించుకుంటున్నాడట, హోరు ఆగడంతో క్షవరం కుర్చీలోంచి అలాగే లేచి వచ్చేశాడు. మెడలో తువ్వాలు, ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా సబ్బు నురగ. ఇంకో రోజైతే ముగ్గురూ కలిసి నవ్వుకునేవాళ్ళే. వాల్వును చూశాడు, మేనకోడల్ని చూశాడు. ఏమైందని అడగలేదు, అడగనవసరం లేదు. పైన గాజు తెట్టు కట్టిందేమో చూడాలి. దానికి ఒక పెంకు లోపల పడేసి, మునుగుతుందా తేలుతుందా అని చూస్తారు. కుప్పలోంచి ఒక పెంకు తీశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతట అదే నున్నటి చెంప మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

తమ్ముడికి అది కనపడలేదు. కానీ పెంకు తీసిన గలగల విన్నాడు, ఆ తర్వాత అది గాజులో పడిన చప్పుడు మాత్రం వినపడలేదు.

"పొడిగా ఉందా మామయ్యా?" అన్నాడు.

మేనమామ పెంకును చెంప మీంచి తియ్యలేదు. నురగ కరిగి మెడ మీదుగా చొక్కాలోకి కారుతోంది.

"ఇది పొడిగానే ఉందిరా" అన్నాడు. తర్వాత, "ఆ రోజువి తడి. నువ్వు చెప్పావు. నేను విన్నాను. వినే, వెయ్యమన్నాను."

బట్టీ హోరు అప్పటికి సగం లేచింది. అక్క వాల్వు మీది చెయ్యి తియ్యకుండా మేనమామ వైపు చూసింది. ఈ ఒక్క మాట కోసం నెలల తరబడి తిరిగిన తిరుగుడంతా కాళ్ళలో ఒక్కసారిగా తెలిసింది.

"రేపు అందరూ పనిలోకి దిగేముందు చెప్పు" అన్నాడు తమ్ముడు. "ఇక్కడే నిలబడి చెప్పు. హోరు మీద కూడా అందరికీ వినపడేలా చెప్పు."

"నా పని పోతుందిరా."

"పోతుంది" అంది అక్క.

మేనమామ చీలిన ఇటుకను చూశాడు, మళ్ళీ ఆవిడను చూశాడు. "ఇవాళ నువ్వు చేసింది పైవాళ్ళకి తెలిస్తే నీదీ పోతుంది."

"పోనీ. అదీ నిజమే కదా."

ఆయన పెంకును బట్టీలో పడేసి వంగి చూశాడు. మునిగింది. గాజు బతికే ఉంది. మెడలోని తువ్వాలుతో మొహం తుడుచుకుని, గీయని చెంపతోనే పెంకుల కుప్ప పక్కన నేల మీద చతికిలబడ్డాడు. "నాది నేను చెబుతాను. నీది నువ్వు చెప్పుకో" అన్నాడు. సరేనంది అక్క.

ఆవిడకు కోపం పోయిందనుకుంటే పొరపాటు. మేనమామ వంగిన వీపు చూస్తే జాలీ వేసింది, ఆ జాలిలోనే లేచి చెంప పగలగొట్టాలనీ అనిపించింది. రేపు ఆయన చెప్పినా తమ్ముడికి వెలుతురు రాదు. ఆ సంగతి అనుకున్నప్పుడల్లా మంట అలాగే లేస్తుంది, ఎల్లుండీ లేస్తుంది. గొంతు పిడచకట్టుకుపోయింది. నీళ్ళ సీసా ఎక్కడ పెట్టానో అనుకుంటూ చుట్టూ చూసింది.

తమ్ముడే దాన్ని కాలితో కనిపెట్టాడు. ఈసారి తన్నకుండా, వంగి తీసి అక్కకు అందించాడు. ఆవిడ వాల్వు పక్కనే, ఎక్కడికీ కదలకుండా, తల వెనక్కి వాల్చి తాగింది. గుటకల చప్పుడు ఎక్కడా ఆగకపోవడం తమ్ముడు చెవి ఒగ్గి విన్నాడు. సీసా తిరిగి తీసుకుని ఊపి చూశాడు. చుక్క మిగల్లేదు.

"ఇంకా కావాలా అక్కా?"

"కావాలి" అంది.